రొయ్యల చెరువు నీటి చీటీ: ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, కాల్షియం లెక్క ఎక్కడ తప్పుతోంది

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు ఏ ఆక్వా ల్యాబుకు నీళ్ల సీసా పట్టుకెళ్లినా చేతికొచ్చే చీటీ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. సెలినిటీ (నీటి ఉప్పదనం), పీహెచ్, కార్బొనేట్, బైకార్బొనేట్, టోటల్ ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం, హార్డ్‌నెస్, అమ్మోనియా, నైట్రైట్ అని వరస. పక్క గడిలో ఉండాల్సిన హద్దులు. హద్దు దాటిన అంకె చుట్టూ పెన్నుతో గీసి ఇస్తారు. రైతు ఆ గీత చూసుకుని మందుల షాపు మెట్లెక్కుతాడు. ఆల్కలినిటీ తగ్గిందంటే డోలమైట్ అనే రాతి పొడి, పెరిగిందంటే బెల్లం, గుల్ల మెత్తబడిందంటే మినరల్ సంచి. వీటిలో కొన్ని నిజంగా పనిచేస్తాయి. కొన్ని ఎంత మంచి సరుకైనా ఆ మోతాదులో పనిచేయలేవు. ఎందుకో తెలియాలంటే చెరువులో ఎన్ని నీళ్లున్నాయో ముందు లెక్కేసుకోవాలి.

ఇప్పుడు ఎక్కువగా పెంచే వనామీ రకం రొయ్య సాగుకు మన దేశంలో అనుమతి వచ్చింది 2009లో. అంతకుముందు టైగర్ రొయ్య రోజుల్లో చెరువులు ఎక్కువగా సముద్రపు పోటు తగిలే చోట, ఉప్పుటేరు పక్కన, తీరం వెంబడి ఉండేవి. వనామీ తక్కువ ఉప్పులోనూ బతుకుతుంది కాబట్టి సాగు బోరునీటిని నమ్ముకుని లోపలి ఊళ్లకూ పాకింది. సముద్రపు నీటిలో ప్రధాన ఖనిజాల పాళ్లు ఎక్కడైనా దాదాపు ఒక్కటే. బోరునీటిలో ఊరికో తీరు, ఒకే ఊళ్లో బోరుకో తీరు. ఈ చీటీ మీద ఇంత గందరగోళం రావడానికి అసలు కారణం అదే.

మూడు మాటలకు మూడు అర్థాలు

ఆల్కలినిటీ అంటే ఆమ్లాన్ని తట్టుకోవడానికి నీటికున్న శక్తి. చెరువు నీటిలో ఆ శక్తి ప్రధానంగా బైకార్బొనేట్, కార్బొనేట్ అయాన్లది. పీహెచ్ వేరు, ఇది వేరు. ఈ క్షణాన నీరు ఆమ్లం వైపుందో క్షారం వైపుందో పీహెచ్ చెబుతుంది. ఆ పీహెచ్ ఇష్టమొచ్చినట్టు ఊగకుండా పట్టి ఉంచే సరుకు నీటిలో ఎంతుందో ఆల్కలినిటీ చెబుతుంది.

హార్డ్‌నెస్ అంటే కాల్షియం, మెగ్నీషియం కలిపిన మొత్తం. ఆల్కలినిటీ రుణావేశం ఉన్న అయాన్ల లెక్క అయితే, హార్డ్‌నెస్ ధనావేశం ఉన్న వాటి లెక్క. కానీ ల్యాబులు రెండింటినీ ‘కాల్షియం కార్బొనేట్ లెక్కన ఇన్ని పీపీఎం’ (లీటరు నీటికి ఇన్ని మిల్లీగ్రాములు) అనే రాస్తాయి. అక్కడే చాలామంది పొరపడతారు. వడ్లనూ మినుములనూ ఒకే కుంచంతో కొలిచినంత మాత్రాన రెండూ ఒకటైపోవు కదా.

మందులతో చూస్తే తేడా ఇంకా తేటగా కనిపిస్తుంది. వంట సోడా, అంటే సోడియం బైకార్బొనేట్, ఆల్కలినిటీని పెంచుతుంది, హార్డ్‌నెస్‌ను ముట్టుకోదు. జిప్సం కాల్షియం సల్ఫేట్ కాబట్టి హార్డ్‌నెస్‌ను పెంచుతుంది. ఆల్కలినిటీ అలాగే ఉంటుంది. సున్నపురాయి పొడి కరిగితే రెండూ సమానంగా పెరుగుతాయి. అయితే ఆ ‘కరిగితే’ అన్న షరతు చాలా పెద్దది. దాని సంగతి కింద చూద్దాం.

ఇక కాల్షియం. కొన్ని ల్యాబులు కాల్షియం గడిలో కాల్షియం అయాన్‌ను రాస్తాయి, కొన్ని కాల్షియం హార్డ్‌నెస్‌ను రాస్తాయి. రెండింటికీ మధ్య 2.5 రెట్ల తేడా ఉంది. కాల్షియం 80 పీపీఎం ఉన్న నీటినే ఇంకో ల్యాబు 200 అని రాయొచ్చు. ఇద్దరూ కరెక్టే. మెగ్నీషియానికి ఈ గుణకం 4.12. చీటీ అందుకోగానే మొదట అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ కాల్షియం అయాన్ లెక్కనా, కార్బొనేట్ లెక్కనా? అడగకపోయినా సరిచూసుకునే దారుంది. కాల్షియాన్ని 2.5తో, మెగ్నీషియాన్ని 4.12తో హెచ్చించి కలపండి. చీటీలోని టోటల్ హార్డ్‌నెస్‌తో సరిపోతే అవి అయాన్లు. హెచ్చించకుండా ఊరికే కలిపినప్పుడు సరిపోతే అవి హార్డ్‌నెస్ అంకెలు. ఎలా కలిపినా పొంతన కుదరకపోతే పరీక్షలోనే పొరపాటు ఉంది.

అక్వేరియం కోసం తయారైన టెస్ట్ కిట్లు చెరువుకు వాడేవాళ్లకు ఇంకో చిక్కు. పగడాలు పెంచే అక్వేరియంలోనూ ఇదే రసాయనం, ఇదే కాల్షియం, ఇదే బైకార్బొనేట్. కానీ ఆ కిట్లు ఆల్కలినిటీని డీకేహెచ్ అనే కొలతలో చెబుతాయి. 1 డీకేహెచ్ అంటే దాదాపు 18 పీపీఎం. కిట్‌లో 7 వచ్చిందని కంగారుపడనక్కర్లేదు, అది సుమారు 125.

పొద్దున లేని కార్బొనేట్ మధ్యాహ్నం ఎక్కణ్ణుంచి వచ్చింది

ల్యాబులో చేసే పని చూస్తే చీటీ సగం అర్థమవుతుంది. 50 మిల్లీలీటర్ల నీటిలో ఫినాల్ఫ్తలీన్ రెండు చుక్కలు వేస్తారు. పీహెచ్ 8.3 దాటి ఉంటే నీరు గులాబీ రంగుకు తిరుగుతుంది. బ్యూరెట్ అనే కొలత గొట్టం నుంచి ఎన్/50 గాఢత ఉన్న సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కచుక్కగా వదులుతూ, ఆ రంగు పోయిన చోట ఆగి ఎంత పట్టిందో రాసుకుంటారు. తర్వాత అదే నీటిలో మిథైల్ ఆరెంజ్ వేస్తే పసుపు రంగు వస్తుంది. అది నారింజ ఛాయకు మళ్లేదాకా మళ్లీ ఆమ్లం వదులుతారు. మొదటి నుంచి పట్టిన మొత్తం మిల్లీలీటర్లను 20తో హెచ్చిస్తే టోటల్ ఆల్కలినిటీ.

మొదటి రంగు పోవడానికి 1 మిల్లీలీటరు, మొత్తం మీద 7 మిల్లీలీటర్లు పట్టాయనుకుందాం. టోటల్ ఆల్కలినిటీ 140. కార్బొనేట్ మొదటి అంకెకు రెట్టింపు, అంటే 2 × 1 × 20 = 40. మిగిలిన 100 బైకార్బొనేట్.

ఇదే చెరువు నీరు తెల్లారి ఆరింటికి తెస్తే ఫినాల్ఫ్తలీన్‌కు రంగే రాకపోవచ్చు. కార్బొనేట్ సున్నా, బైకార్బొనేట్ 140. చెరువుకు ఏమీ జరగలేదు. రాత్రంతా రొయ్యలు, పాచి, అడుగు మట్టి వదిలిన కార్బన్ డయాక్సైడ్ కార్బొనేట్‌ను బైకార్బొనేట్‌గా మార్చింది. ఎండ ముదిరేసరికి బ్లూమ్, అంటే నీటిలో పెరిగిన పాచి, ఆ వాయువును లాగేసుకుంటే కొంత బైకార్బొనేట్ తిరిగి కార్బొనేట్ అవుతుంది. ఈ మార్పిడిలో టోటల్ కదలదు. కార్బన్ డయాక్సైడ్ కలిసినా, పోయినా పీహెచ్ మారుతుందే తప్ప టోటల్ ఆల్కలినిటీ మారదు. ఈ ఒక్క ముక్క గట్టిగా పట్టుకుంటే షాపులో చెప్పే సలహాల్లో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో చాలావరకు తేలిపోతుంది. ‘కార్బొనేట్ వచ్చేసింది, వెంటనే తగ్గించాలి’ అని ఎవరైనా అంటే, సీసా ఏ వేళప్పుడు నింపారని ముందు చూడాలి.

పీహెచ్ ఊగిసలాట, దాని వెనక అమ్మోనియా

వనామీకి పీహెచ్ 7.5 నుంచి 8.5 మధ్య, పొద్దుటికీ సాయంత్రానికీ తేడా 0.5 లోపు ఉండాలని చెబుతారు. ఆల్కలినిటీ 50 ఉన్న చెరువులో ముదురు బ్లూమ్ ఉంటే పొద్దున 7.4, మధ్యాహ్నం మూడింటికి 9.2 చూపించడం వింతేమీ కాదు. రొయ్యకు ఈ ఊపే ఒత్తిడి. దానికి తోడు ఇంకో ప్రమాదం ఉంది.

నీటిలోని మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసేది అయాన్‌గా మారని భాగం. మంచినీటి లెక్కన 30 డిగ్రీల వేడిలో, పీహెచ్ 8 దగ్గర ఈ భాగం 7.5 శాతం. 8.5 దగ్గర 20 శాతం. 9 దగ్గర దాదాపు 45 శాతం. ఉప్పు నీటిలో ఈ అంకెలు కొంచెం తగ్గుతాయి, వరస మాత్రం అదే. చీటీలో అమ్మోనియా 1 పీపీఎం అని ఒకే అంకె ఉన్నా, పొద్దున పీహెచ్ 8లో అది 0.075 విషం, మధ్యాహ్నం 9లో 0.45 విషం. అమ్మోనియా మందు కొనే ముందు పీహెచ్ ఎందుకు ఎక్కుతోందో చూడటం అందుకే అవసరం. చాలాసార్లు ఆ జవాబు ఆల్కలినిటీ దగ్గరో, కాల్షియం దగ్గరో దొరుకుతుంది.

కాల్షియం పాత్ర కొంచెం మెలికగా ఉంటుంది. మధ్యాహ్నం కార్బొనేట్ పెరిగినప్పుడు నీటిలో తగినంత కాల్షియం ఉంటే రెండూ కలిసి కాల్షియం కార్బొనేట్‌గా అడుగుకు దిగుతాయి. దాంతో పీహెచ్ పైకి పోకుండా ఆగుతుంది. ఆల్కలినిటీ దండిగా ఉండి కాల్షియం తక్కువున్న నీటిలో ఈ అడ్డు ఉండదు. కొన్ని బోర్లలో సోడియం బైకార్బొనేట్ తరహా నీరు పడుతుంది. చీటీలో ఆల్కలినిటీ 350, హార్డ్‌నెస్ అందులో సగం కూడా లేకుండా వస్తుంది. అలాంటి చెరువులో పీహెచ్ తొమ్మిది దాటడానికి కారణం ఆల్కలినిటీ తక్కువవడం కాదు కాబట్టి సోడా, సున్నం రెండూ తప్పు మందులే. అక్కడ ఆలోచించాల్సింది జిప్సం.

ఎకరాకు ఒక పీపీఎం అంటే ఐదు కిలోలు

ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. నాలుగు అడుగుల నీరు నిలిపితే సుమారు 4,930 ఘనపు మీటర్లు. ఒక పీపీఎం అంటే ఘనపు మీటరుకు ఒక గ్రాము. అంటే ఏ పదార్థాన్నైనా ఈ చెరువులో ఒక్క పీపీఎం పెంచాలంటే, స్వచ్ఛంగా, పూర్తిగా కరిగేది 4.93 కిలోలు కావాలి. ఐదు అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

మెగ్నీషియం 10 శాతం ఉన్న మినరల్ మిక్స్ ఎకరాకు 10 కిలోలు చల్లారు. అందులో మెగ్నీషియం ఒక కిలో. నీటిలో పెరిగింది 0.2 పీపీఎం. ల్యాబు పరీక్షలో ఈ తేడా దొరకనే దొరకదు. నీటి మెగ్నీషియం 60 నుంచి 110కి వెళ్లాలంటే 12 శాతం మెగ్నీషియం ఉన్న మెగ్నీషియం క్లోరైడ్ రెండు టన్నులకు పైగా పడుతుంది. మెగ్నీషియం సల్ఫేట్ అయితే రెండున్నర టన్నులు. పొటాషియం 20 పీపీఎం పెరగాలంటే, 50 శాతం పొటాషియం ఉన్న మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ దాదాపు 200 కిలోలు. ఎరువుల కొట్లో దొరికే పొటాషే ఇది. కాల్షియం 20 పీపీఎం కోసం జిప్సం 425 కిలోలు. జిప్సంలో కాల్షియం 23 శాతమే మరి.

ఆల్కలినిటీకి కూడా ఇదే దారి. ఒక పీపీఎం ఆల్కలినిటీకి వంట సోడా 1.68 పీపీఎం కావాలి. 80 నుంచి 100కి తేవాలంటే 20 × 1.68 × 4.93, సుమారు 165 కిలోలు. ఒకేసారి గుమ్మరించకుండా మూడు నాలుగు రోజులకు పంచి, ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిరుగుతుండగా నీళ్లలో కలిపి చల్లుతారు. చాకలి సోడా అయితే 1.06 పీపీఎంతోనే ఆ పని జరుగుతుంది కాబట్టి చవక అనిపిస్తుంది. కానీ అది పీహెచ్‌ను ఒక్కసారిగా ఎగదోస్తుంది. రొయ్య ఉన్న చెరువులో, అదీ పగటిపూట, దాని జోలికి వెళ్లకపోవడమే క్షేమం.

ఈ లెక్క చూశాక ‘అయితే మినరల్ మిక్సులన్నీ దండగేనా’ అన్న ప్రశ్న వస్తుంది. నీటిని మార్చడానికైతే 10 కిలోల సంచి చాలదు, ఇందులో వాదనకు తావు లేదు. మేతకు పట్టించి పెట్టినప్పుడు మాత్రం లెక్క వేరు. అక్కడ 5,000 ఘనపు మీటర్ల నీటికి బదులు రోజుకు 40, 50 కిలోల మేతను మార్చుతున్నాం. మేత ద్వారా ఇచ్చే పొటాషియం, మెగ్నీషియం కొంతవరకు ఆదుకుంటాయి, నీటిలోని పెద్ద లోటును పూర్తిగా పూడ్చలేవు అన్నదే నిపుణుల్లో ఎక్కువమంది మాట. సంచి మీద శాతాలు లేకుండా ఖనిజాల పేర్లు మాత్రమే ఉంటే ఈ లెక్క వేయడానికే వీలుండదు. శాతం రాయని సంచిని పక్కన పెట్టడం మంచిది.

సున్నాలన్నీ ఒకటి కావు

సున్నం అన్న ఒక్క మాటకింద నాలుగు పదార్థాలు అమ్ముడవుతాయి. సున్నపురాయి పొడి, డోలమైట్, కాల్చిన సున్నం, నీళ్లు చల్లి విరిపిన సున్నం. గుల్ల సున్నం చివరి రెండింటి కోవలోకి వస్తుంది.

సున్నపురాయి, డోలమైట్ పొడులు నెమ్మదివి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో సరితూగిన మంచినీటిలో సున్నపురాయి కరగడం ఆల్కలినిటీ 60 ప్రాంతంలో ఆగిపోతుంది. పీహెచ్ 8 పైన, ఆల్కలినిటీ 120 ఉన్న చెరువులో పగటిపూట డోలమైట్ చల్లితే అది పొడిగానే అడుగుకు చేరుతుంది. అడుగు మట్టిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కాబట్టి అక్కడ కొంత మెల్లగా కరుగుతుంది. డోలమైట్ వాడేవాళ్ల అనుభవాన్ని కొట్టిపారేయలేం. ఆమ్ల గుణం ఉన్న అడుగుకు, వానలకు పలచబడ్డ నీటికి, వారాల తరబడి కొద్దికొద్దిగా అందే మద్దతుగా దానికి విలువుంది. రేపటికల్లా ఆల్కలినిటీ 20 పెరగాలంటే మాత్రం అది చేయలేదు.

కాల్చిన సున్నం, విరిపిన సున్నం వేగంగా పనిచేస్తాయి, పీహెచ్‌ను పెంచేస్తాయి. ఇక్కడ వేళ చాలా ముఖ్యం. రాత్రి పూట నీటిలో కార్బన్ డయాక్సైడ్ నిండుగా ఉన్నప్పుడు విరిపిన సున్నం దాన్ని పట్టుకుని కాల్షియం బైకార్బొనేట్ అవుతుంది. ఆల్కలినిటీ, హార్డ్‌నెస్ రెండూ పెరుగుతాయి. అదే సున్నం మధ్యాహ్నం రెండింటికి పడితే పట్టుకోవడానికి కార్బన్ డయాక్సైడ్ ఉండదు. అది నీటిలో ఉన్న బైకార్బొనేట్‌తోనే కలిసి కాల్షియం కార్బొనేట్‌గా అడుగుకు దిగుతుంది. ఆల్కలినిటీ పెంచాలని వేసిన సున్నం, ఉన్న ఆల్కలినిటీని తీసుకుపోతుందన్నమాట. ‘సున్నం వేశాను, రిపోర్టులో తగ్గింది, ల్యాబు తప్పు చెబుతోంది’ అన్న ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే.

ఏరేటర్ రెక్క మీద తెల్లటి పొర

ఆల్కలినిటీ ఎక్కువున్న చెరువుల్లో ఏరేటర్ రెక్కల మీద, పైపుల మీద, మేత, రొయ్యలు చూసుకోవడానికి దింపే చెక్ ట్రే అంచున గరుకుగా తెల్లటి పొర కడుతుంది. గోటితో గీకి, ఆ పొడి మీద నిమ్మకాయ పిండితే బుసబుస పొంగుతుంది. అది కాల్షియం కార్బొనేట్. రొయ్య గుల్ల మీద కూడా ఇలాగే గరుకు పేరుకుంటుందని, గుల్ల వదలడం కష్టమవుతుందని రైతులు చెబుతారు.

ఈ పొరకు లెక్క కట్టొచ్చు. ఆల్కలినిటీ 280 నుంచి 240కి దానంతటదే దిగిందంటే, దిగిన ప్రతి ఒక పీపీఎంతో పాటు కాల్షియం 0.4 పీపీఎం పోతుంది. 40కి 16 పీపీఎం కాల్షియం. ఎకరా చెరువులో దాదాపు 200 కిలోల సున్నపురాయి దిగబడిందన్నమాట.

కొత్తగా తోడిన బోరునీటిలో ఇది మరీ ఎక్కువ. భూమి లోపల కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడిలో కరిగి ఉన్న కాల్షియం, ఆ వాయువు గాలిలోకి పోగానే నిలవలేక దిగిపోతుంది. బోరు పైపు దగ్గర పట్టిన సీసాకూ, రెండు రోజులు ఏరేషన్ ఇచ్చిన నీటికీ ఆల్కలినిటీలో పెద్ద తేడా రావొచ్చు. మందు నిర్ణయించాల్సింది రెండో అంకెను బట్టి.

మరి తగ్గించాలంటే? బెల్లం, తవుడు, ఈస్ట్ కలిపి పులియబెట్టి పోయడం మన దగ్గర బాగా అలవాటు. దాని వల్ల బాక్టీరియా పెరిగి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, మధ్యాహ్నపు పీహెచ్ దిగుతుంది. ఆ మేలు నిజమే. కానీ కార్బన్ డయాక్సైడ్‌తో టోటల్ ఆల్కలినిటీ కదలదని పైన చూశాం. పులిసిన ద్రావణంలోని ఆమ్లాలు ఆ పూటకు కాస్త తగ్గించినా, బాక్టీరియా ఆ ఆమ్లాలను తినేయగానే ఆల్కలినిటీ మళ్లీ మొదటికొస్తుంది. పైగా బెల్లం ఎక్కువైతే రాత్రి ఆక్సిజన్ పడిపోతుంది.

హార్డ్‌నెస్ తగ్గడానికి, లోహ అయాన్లను పట్టి కట్టేసే ఈడీటీఏ అనే రసాయనం చల్లమనే సలహా కూడా ఉంది. ఒక ఈడీటీఏ అణువు ఒక్క కాల్షియం అయాన్‌ను పట్టుకుంటుంది. కాల్షియం 10 పీపీఎం కట్టేయాలంటే ఎకరాకు 450 కిలోలకు పైగా కావాలి. చల్లేది కిలో, రెండు కిలోలు. అతి కొద్ది మోతాదులో ఉండే బరువైన లోహాలను కట్టడి చేయడం వరకే దాని ఉపయోగం.

పరిమాణంలో పెద్దగా ఉన్న ఆల్కలినిటీని నిజంగా తగ్గించేది తక్కువ ఆల్కలినిటీ ఉన్న కాలువ నీరో, ఏటి నీరో కలపడమే. 300 ఉన్న మూడు వంతుల నీటికి 100 ఉన్న ఒక వంతు కలిస్తే 250 అవుతుంది.

ఒక చీటీని చదివి చూద్దాం

సెలినిటీ 5 పీపీటీ, అంటే లీటరు నీటిలో ఉప్పు సుమారు 5 గ్రాములు. కాల్షియం 100, మెగ్నీషియం 60, పొటాషియం 15, అన్నీ అయాన్ల లెక్కన. హార్డ్‌నెస్ 250 + 247, దాదాపు 500. మందుల షాపులో ఈ చీటీ చూపిస్తే ‘హార్డ్‌నెస్ బాగానే ఉంది’ అంటారు.

సముద్రపు నీటిని మంచినీటితో 5 పీపీటీకి పలచబరిచామనుకుని పోల్చి చూడాలి. పోలికకు సెలినిటీని కాల్షియం కోసం 11.6తో, మెగ్నీషియం కోసం 39.1తో, పొటాషియం కోసం 10.7తో హెచ్చిస్తారు. 5 పీపీటీకి కాల్షియం 58, మెగ్నీషియం 196, పొటాషియం 54 రావాలి. మన నీటిలో కాల్షియం అవసరానికి మించి ఉంది, మెగ్నీషియం మూడో వంతు కన్నా తక్కువ, పొటాషియం కూడా అంతే. హార్డ్‌నెస్ అనే ఒక్క అంకె ఈ లోటు మొత్తాన్ని కప్పేసింది. ఈ చెరువులో రొయ్య కండరం తెల్లబడి, చెక్ ట్రే ఎత్తగానే వంకర తిరిగి బిగుసుకుపోతే, దానికి కాల్షియం సంచి మందు కాదు. తక్కువ ఉప్పులో రొయ్య తన రక్తంలోని లవణాలను నిలుపుకోవడానికి వాడే ఎంజైమ్‌కు పొటాషియం, మెగ్నీషియం రెండూ కావాలి.

ఇక్కడ నిపుణుల్లోనూ రెండు వైపులున్నాయి. మెగ్నీషియం, కాల్షియం నిష్పత్తి సముద్రంలో లాగా మూడుకు ఒకటి ఉండి తీరాలని ఒక వాదన. సముద్రంలో అలవాటైన జీవికి ఆ పాళ్లే సహజమని వాళ్లు చెబుతారు. నిష్పత్తి కోసం పాకులాడకుండా ఒక్కో ఖనిజం కనీస మట్టానికి చేరితే చాలని రెండో వాదన. అమెరికాలోని అలబామాలో సముద్రానికి దూరంగా, తక్కువ ఉప్పున్న బావి నీటితో వనామీ పెంచినప్పుడు పొటాషియం, మెగ్నీషియం రెండూ బాగా తక్కువున్నాయి. పొటాష్ ఎరువులు వేసి పెంచాక రొయ్యలు బతికాయి. నిష్పత్తులు అచ్చం సముద్రంలా రాకపోయినా సాగు నడిచింది. పైన చూసిన చీటీలో నిష్పత్తి మూడుకు తేవాలంటే మెగ్నీషియం 300 కావాలి, అంటే ఎకరాకు దాదాపు పది టన్నుల మెగ్నీషియం క్లోరైడ్. ఏ రైతూ చేయలేని పని. పొటాషియం 15 నుంచి 35కి తేవడానికి మాత్రం నాలుగు సంచుల పొటాష్ చాలు. ఖర్చు, ఫలితం రెండూ చూస్తే పొటాషియంతో మొదలుపెట్టడమే తెలివైన పని.

నల్లమట్టి చెరువులకు ఒక జాగ్రత్త. బంకమట్టి పొటాషియాన్ని పట్టి ఉంచుకుంటుంది. నీటిలో కలిపిన దానిలో కొంత భాగం వారాల్లో మట్టిలోకి పోతుంది. అందుకే ఒక్కసారి వేసి వదిలేయకుండా రెండు వారాలకోసారి కొలిచి పూడుస్తుండాలి.

రోజురోజుకూ ఎక్కడికి పోతోంది

వంద రోజులు దాటిన పంటలో, ముఖ్యంగా షీట్ వేసిన చెరువుల్లో, బాక్టీరియా ముద్దలను నీటిలోనే పెంచే బయోఫ్లాక్ సాగులో ఆల్కలినిటీ దిగిపోతుంటుంది. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు 7.14 గ్రాముల ఆల్కలినిటీ తింటుంది. ఎకరాకు రోజుకు 50 కిలోల మేత, ప్రొటీన్ 35 శాతం అనుకుంటే నైట్రోజన్ 2.8 కిలోలు. అందులో సగం ఈ దారిలో వెళ్లిందనుకుంటే రోజుకు 10 కిలోల ఆల్కలినిటీ ఖర్చు, అంటే 2 పీపీఎం. నెలకు 60. ముదురు బ్లూమ్ ఉన్న మట్టి చెరువులో అమ్మోనియాను పాచి కూడా లాక్కుంటుంది, అడుగు మట్టి కొంత ఆల్కలినిటీని తిరిగిస్తుంది కాబట్టి ఇంత వేగం ఉండదు.

చెరువులో ఆల్కలినిటీ 100 చాలా, 150, 200 ఉండాలా అని ఒక వాదన ఉంది. దానికి కూడా జవాబు ఇందులోనే ఉంది. 100 చాలనేవాళ్లు మామూలు సాంద్రత ఉన్న మట్టి చెరువులను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నారు. 150, 200 కావాలనేవాళ్లు రోజుకు రెండు మూడు పీపీఎం కరిగిపోయే బయోఫ్లాక్ ట్యాంకుల అనుభవంతో చెబుతున్నారు. ఎవరి చెరువులో వాళ్లది సరైనదే.

వాన లెక్క చిన్నది. నాలుగు అడుగుల చెరువులో 100 మిల్లీమీటర్ల వాన పడితే ఆల్కలినిటీ 120 నుంచి 111కి దిగుతుంది. తూము తీస్తే తేలికైన పైనీరు ముందు పోయేలా చూసుకుంటే లోపలి లవణాలు నిలుస్తాయి.

గుల్ల మెత్తబడితే అది కాల్షియమేనా

రొయ్య పెరిగేది గుల్ల వదిలినప్పుడే. చిన్నప్పుడు కొద్ది రోజులకోసారి, 15 గ్రాములకు వచ్చాక సుమారు రెండు వారాలకోసారి వదులుతుంది. కొన్ని మంచినీటి పీతల జాతి జీవులు పాత గుల్లలోని కాల్షియాన్ని కడుపులో రాళ్లలా దాచుకుంటాయి. వనామీకి ఆ ఏర్పాటు లేదు. కొత్త గుల్ల గట్టిపడటానికి కావాల్సిన కాల్షియం, బైకార్బొనేట్ ఎక్కువ భాగం ఆ గంటల్లోనే నీటి నుంచి లాక్కోవాలి.

అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో చెక్ ట్రేలో మెత్తటి రొయ్యలు కొన్ని కనిపిస్తే అది మామూలే. ఒకటి రెండు రోజుల్లో గట్టిపడితే నీటిలో లోపం లేనట్టు. రోజులు గడిచినా మెత్తగానే ఉంటే చీటీ చూడాలి. అక్కడ కాల్షియం, ఆల్కలినిటీ రెండూ సరిపడా ఉంటే కారణం వేరే చోట ఉంది. గుల్లకూ కండకూ మధ్య ఖాళీ ఏర్పడి, నొక్కితే లొత్తగా అనిపించే లూజ్ షెల్‌కు ఖనిజాలు ఎంత పోసినా ఫలితం ఉండదు. ఒకే చెరువులో ఐదు గ్రాములదీ పదిహేను గ్రాములదీ కలిసి పడుతుంటే ఈహెచ్‌పీ (రొయ్య ఎదుగుదలను ఆపే సూక్ష్మజీవి) పరీక్షకు పంపాలి. మేత తగ్గించి పస్తు పెట్టిన చెరువుల్లో కూడా గుల్ల పలచబడుతుంది.

గుల్ల వదిలే వేళ రొయ్యకు ఆక్సిజన్ అవసరం మామూలు కన్నా బాగా పెరుగుతుంది. రాత్రి రెండింటికి ఆక్సిజన్ 3 పీపీఎంకు దిగిన చెరువులో తెల్లారేసరికి మెత్తటి రొయ్యలు అడుగున చనిపోయి కనిపిస్తే, వాటిని చేతిలోకి తీసుకుని కాల్షియం లేకే పోయాయనుకుంటారు. ఆ వారం కాల్షియం సంచికి పెట్టే డబ్బు డీజిల్‌కు పెట్టి, కరెంటు పోయినప్పుడు కూడా ఏరేటర్లు ఆగకుండా చూస్తే ఆ రొయ్యల్లో చాలావరకు బతికేవి.